రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు అనుదిన ప్రార్థన, వాక్యధ్యానం ఎలా?

వార్డుదీపం (హైదరాబాద్)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నెలలో దాదాపు సగం రాత్రి డ్యూటీలే. రాత్రి 8 గంటలకు వార్డులోకి వెళ్తే మరునాడు ఉదయం 8 దాటాక డ్యూటీ అప్పగించి బయటపడతాను. హాస్టలుకు చేరి, స్నానం చేసి, ఇంత తిని పడుకునేసరికి పదిన్నర. తరువాతి వారం మళ్లీ పగటి డ్యూటీ.

మా ఊళ్లో ఉన్నప్పుడు అమ్మా నేనూ తెల్లవారుజామునే లేచి మోకరించేవాళ్లం. ఇక్కడ యవ్వనస్థుల కూటాల్లో ఎక్కడ విన్నా అదే మాట: వేకువనే లేవకపోతే విశ్వాసం బలపడదు. ఆ వేళకు నేను మేలుకునే ఉంటాను. కాని అప్పుడు సెలైన్లు మార్చాలి, రక్తం నమూనాలు తీయాలి, అయిదింటికల్లా అందరికీ జ్వరం, బీపీ చూసి చార్టులో రాయాలి.

వారం వారం వేళలు మారిపోయే మనిషి ప్రార్థనకు ఏ వేళ పెట్టుకోవాలి? నిద్ర కళ్లతో చదివిన అధ్యాయం ఒక్క ముక్కా తలకెక్కకపోతే చదివినట్టేనా? గదిలో నాతో పాటు ఉన్న ఇద్దరూ క్రైస్తవులు కారు. వాళ్లకు ఇబ్బంది కలగకుండా ఎలా చేసుకోవాలి?

ఒక్క విన్నపం. నిద్ర మానుకొని ప్రార్థించమని మాత్రం చెప్పకండి. నిద్ర చాలని నర్సు మందు మోతాదు చూస్తే ప్రమాదం రోగికి.

పొలంగట్టు (ఒంగోలు దగ్గర)

వందనాలు సహోదరీ. నేను పల్లెలో సంఘకాపరిని. వేకువ ప్రార్థన గురించి ప్రతి ఆదివారం చెప్పేవాళ్లలో నేనూ ఒకడిని, ఇకముందూ చెబుతాను. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఇచ్చిన మన్నా కూడా ఉదయమే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోయేది.

అయితే ఆ వచనానికి ముందున్నవీ చదవాలి. ముందురోజు సాయంత్రం పొద్దుగుంకిన తరువాత రోగులందరినీ ఆయన దగ్గరకు తెచ్చారు, పట్టణమంతా వాకిట పోగైంది. లూకా 6:12లో ఆయన రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. పేతురు మిద్దె మీద ప్రార్థించింది మధ్యాహ్నం. పౌలు, సీల చెరసాలలో పాటలు పాడింది మధ్యరాత్రి. కాబట్టి 4 గంటలు ఆజ్ఞ కాదు. పొలం పనికి పోయేవాళ్లకు రోజులో అదొక్కటే ఎవరూ పిలవని వేళ, అందుకే మా పల్లెల్లో అది నిలిచింది. మీకు ఎవరూ పిలవని వేళ ఏదో చూసుకోండి.

నా సలహా ఇది. గడియారాన్ని చూడకుండా మీ దినచర్యలో మారని పని ఒకటి పట్టుకోండి. డ్యూటీ పగలైనా రాత్రయినా దిగిన తరువాత స్నానం చేస్తారు కదా? స్నానానికీ అన్నానికీ మధ్య ప్రార్థన. రోజూ అదే వరుస.

బెరయవాసి (విశాఖపట్నం)

పాస్టరు గారి మాటతో ఏకీభవిస్తాను. కాని ఒక హెచ్చరిక ముందే చెప్పాలనిపిస్తోంది. మనవాళ్లు అనుదిన ధ్యానాన్ని హాజరు పట్టీలాగా చేసేశారు. ఎన్ని అధ్యాయాలయ్యాయి, ఎన్ని గంటలు మోకరించావు, ఎన్ని ఉపవాసాలు చేశావు? ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం మనం కృపచేతనే రక్షింపబడ్డామని, క్రియల వల్ల కాదని చెబుతోంది. ఒక రోజు చదవకపోతే దేవుడు ముఖం తిప్పుకున్నాడని భయపడే విశ్వాసులు ఎందరో నాకు తెలుసు. వాళ్ల విశ్వాసం ఆ అలవాటు వల్ల బలపడలేదు, భయం ముదిరింది.

స్కాట్లాండులోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే యువ కాపరి 1842లో తన సంఘానికి బైబిలు పఠన పట్టిక ఒకటి తయారుచేశాడు. రోజుకు దాదాపు నాలుగు అధ్యాయాలు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. ప్రపంచమంతటా ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. చాలామంది చూడనిది ఏమిటంటే, ఆ పట్టిక వల్ల రాగల ప్రమాదాలను కూడా ఆయనే రాసి ఇచ్చాడు: ఆచారం కోసం చదవడం, చదివేశానన్న స్వనీతి, నిర్లక్ష్యపు చదువు, మోయలేని కాడి కావడం. పట్టిక ఇచ్చిన చేతితోనే హెచ్చరికా ఇచ్చాడు. మరుసటి ఏడాదే 29 ఏళ్లకు చనిపోయాడు.

సోదరి రెండో ప్రశ్నకు నా జవాబు: నిద్ర కళ్లతో నాలుగు అధ్యాయాలు వద్దు. నాలుగు వచనాలు చాలు, అవి అర్థం కావాలి.

తూర్పుగాలి (తెనాలి)

అమ్మా వార్డుదీపం, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, పుట్టుకతో లూథరన్ సంఘస్థుణ్ణి. నీ ప్రశ్న చదివాక కొంచెం పొడుగ్గా రాయాలనిపించింది, ఓపికగా చదువు.

వేకువనే, ఒంటరిగా, బైబిలు చేతపట్టుకొని. అనుదిన ధ్యానం అనగానే ఈ మూడూ కలిసిన బొమ్మ మన కళ్ల ముందు కడుతుంది. చాలా మంచి బొమ్మే. కాని మన తెలుగు సంఘాలు పునాది పడిన రోజుల్లో మన పెద్దల అలవాటు ఇందులో ఒక్కదానికీ సరిపోదు.

1878 జులై 3న ఒంగోలుకు దగ్గరలో వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవు కాలం అది. వాళ్లలో అత్యధికులు చెప్పులు కుట్టుకునేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు. పొద్దున్నే బైబిలు తెరిచి ధ్యానించే వీలు వాళ్లకెక్కడిది? తరువాతి తరంలో దోర్నకల్ వైపు చూడు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారు పల్లెపల్లెకూ ఉపదేశిని పెట్టారు. కూలీలు పొలం నుంచి వచ్చాక, పొద్దుగూకిన తరువాత, దీపం వెలుగులో ప్రార్థన. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, సువార్త కథలు, అన్నీ నోటితో చెప్పించి కంఠతా పట్టించేవారు. కీర్తనలుగా పాడించేవారు. అంటే మన తాతముత్తాతల విశ్వాసం సాయంకాలపు వేళ, పదిమంది మధ్య, పుస్తకం లేకుండా కట్టుకున్న విశ్వాసం. చుట్టూ వెలి, ఆకలి, జమీందారు బెదిరింపు ఉన్నా అది నిలబడింది.

మన పాత కీర్తనల పుస్తకం తీసి చూడు. ప్రతి కీర్తన పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని మన కవులు సిద్ధాంతాన్నంతా రాగంలో పెట్టి ఇచ్చారు. చదువు రాని అమ్మ వరినాట్లు వేస్తూ పాడుకుంటే ఆమెకు అదే వాక్యధ్యానం.

నీకు ఇందులో పనికొచ్చేది కంఠస్థం. వార్డులో పుస్తకం తెరవలేవు, ఫోను తీయకూడదు. కాని మనసులో ఉన్నదాన్ని సెలైను మారుస్తూ కూడా తలచుకోవచ్చు. వారానికి ఒక చిన్న కీర్తన. మొదట 134వ కీర్తన నేర్చుకో. మూడే వచనాలు. రాత్రివేళ దేవుని మందిరంలో నిలబడి సేవ చేసేవాళ్లను ఉద్దేశించి పాడిన పాట అది. తరువాత 121, కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని. ఆపైన 130, తెల్లవారడం కోసం కావలివాళ్లు ఎదురుచూసినట్టు ప్రభువు కోసం ఎదురుచూడటం అందులో ఉంది. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఆ మాట ఎంత అర్థమవుతుందో పగలు పనిచేసిన నాకు అంత అర్థం కాదు.

గుణదల కొండ (విజయవాడ)

మాస్టారు గారు కంఠస్థం అన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మేము కతోలికులం. మా ఇంట్లో త్రికాల జపం ఉంది: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. రెండు మూడు నిమిషాలు పడుతుంది. దేవుడు మనిషిగా పుట్టిన సంగతిని రోజుకు మూడుసార్లు తలచుకోవడమే దాని సారం. రాత్రి భోజనానికి ముందు కుటుంబమంతా జపమాల. అయిదు దేవరహస్యాలకు 20 నిమిషాల లోపే. పైకి మరియమ్మను ఉద్దేశించిన మంగళవార్త జపం చెబుతున్నా మనసు నిలవాల్సింది ప్రభువు జీవితంలోని ఆ ఘట్టాల మీద.

చెల్లీ, నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆత్మశోధన. లొయోలా ఇగ్నేషియస్ గారు (1491–1556) నేర్పిన పద్ధతి. మా ఊళ్లో ఆంధ్ర లొయోలా కళాశాల ఉన్నది ఆయన పేరు మీదే. రోజు ముగిశాక కూర్చొని, మొదట ఆ రోజు దేవుడు చేసిన మేళ్లకు కృతజ్ఞత చెప్పాలి. వెలుగిమ్మని అడగాలి. గంట గంటకూ జరిగినదాన్ని మనసులో తిరిగి చూడాలి. తప్పుకు క్షమాపణ అడగాలి. రేపటికి ఒక్క తీర్మానం చేసుకోవాలి. పుస్తకం అక్కరలేదు. మీ డ్యూటీ అప్పగింతలో కూడా ఇదే చేస్తారు కదా, ఏ పడకలో రోగికి రాత్రి ఏమైందో వరసగా చెప్పి అప్పగిస్తారు. హాస్టలుకు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చొని అదే అప్పగింత ప్రభువుకు చెయ్యి.

పొలంగట్టు

అమ్మా, ఆత్మశోధన మాట బాగుంది, మా సంఘంలో కూడా చెబుతాను. కాని జపమాల విషయంలో నా మనసు ఒప్పుకోదు, సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. అన్యజనుల్లాగా వ్యర్థమైన మాటలు పలకవద్దని ప్రభువే మత్తయి 6:7లో అన్నాడు. రాసిపెట్టిన ప్రార్థన రోజూ చెబితే పెదవులే కదులుతాయి. పిల్లవాడు తండ్రితో మాట్లాడటానికి పాఠం వల్లె వేస్తాడా?

గుణదల కొండ

పాస్టరు గారూ, ఏమీ అనుకోను. ఆ మాట అన్న రెండు వచనాల తరువాత ప్రభువు శిష్యులకు మాటలు కూర్చిన ప్రార్థననే ఇచ్చాడు కదండీ. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26సార్లూ ఆయన కృప నిరంతరం ఉంటుందన్న మాటే తిరిగి తిరిగి వస్తుంది. గెత్సేమనే తోటలో ఆయన మూడోసారి కూడా అవే మాటలు చెప్పి ప్రార్థించాడని మత్తయే రాశాడు. వ్యర్థమైనది మనసు లేకుండా పలకడం, మళ్లీ మళ్లీ పలకడం కాదు.

మరొకటి. మా అత్తగారు చివరి రోజుల్లో మాటలు మరిచిపోయారు, మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు. ప్రభువు నేర్పిన పరలోక జపం మేం మొదలుపెడితే మాత్రం చివరి దాకా తానే చెప్పేవారు. సొంత మాటలన్నీ పోయిన రోజున ఆమెకు మిగిలిన ప్రార్థన అదొక్కటే.

తూర్పుగాలి

ఇద్దరికీ ఒక మాట. 1529లో మార్టిన్ లూథరు ఇంటి యజమానుల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో ఉదయానికొకటి, రాత్రికొకటి చిన్న ప్రార్థనలు కూర్చి ఇచ్చాడు. ఉదయం లేవగానే సిలువ గుర్తు వేసుకొని, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన చెప్పి, ఆ చిన్న ప్రార్థన చేసి, సంతోషంగా పనికి వెళ్లమన్నాడు. రాత్రి అలాగే చేసి వెంటనే, నిశ్చింతగా నిద్రపొమ్మన్నాడు. వార్డుదీపం, ఆ చివరి మాట నీ కోసమే. ప్రార్థన ముగించి నిద్రపోవడం కూడా విశ్వాసంతో చేసే పనే.

పాస్టరు గారూ, సొంత మాటల ప్రార్థన వదలమని ఎవరూ అనడం లేదు. మాటలు రాని రోజుకు మాటలు దాచిపెట్టుకోమంటున్నాం.

పొలంగట్టు

మాస్టారూ, మాటలు రాని రోజు అన్నారు చూడండి, అది ఒప్పుకుంటాను. మరణశయ్య దగ్గర నేను కూడా 23వ కీర్తనే చెబుతాను, సొంత మాటలు కావు. మరియమ్మకు విన్నవించడం గురించి నా అభిప్రాయం మారదు, అది వేరే చర్చ, ఇక్కడ పెట్టను.

ఎడారిబాట (కువైట్)

అందరికీ వందనాలు. నాది పశ్చిమ గోదావరి. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. వేళలు మన చేతిలో లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు చెల్లెమ్మా. యజమాని ఎప్పుడు పిలిస్తే అప్పుడు బండి తీయాలి. మోకరించి కళ్లు మూసుకోగానే ఫోను మోగుతుంది.

పిల్లల్ని బడి దగ్గర, అమ్మగారిని బజారు దగ్గర దించి, బండిలో ఎదురుచూసే సమయం నాకు చాలా ఉంటుంది. తెలుగు బైబిలు చదివి వినిపించే యాప్ ఫోనులో వేసుకున్నాను. బండి నిలిపాక వింటాను. ఒక సువార్త పట్టుకుంటే దాన్నే మళ్లీ మళ్లీ వింటాను. మార్కు సువార్త 16 అధ్యాయాలే, గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. అలా వింటుంటే చదివినప్పుడు పట్టుబడనివి పట్టుబడతాయి. ఆ సువార్తలో అంతా ‘వెంటనే’, ‘వెంటనే’ అని పరుగు. ప్రభువు కూడా తీరిక లేని మనిషిగానే తిరిగాడని నాకు అలా వింటేనే తెలిసింది.

ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం. అందుకని ఆరాధన శుక్రవారం. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో రకరకాల భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. తెలుగువాళ్లలో ఇళ్లలో పనిచేసే అక్కలు చాలామంది. కొందరికి శుక్రవారం కూడా సెలవు ఇవ్వరు. వాళ్లు వంటగదిలో పని చేసుకుంటూ ఫోనులో పాటలు, వాక్యం వింటారు. రాత్రి పని ముగిశాక నలుగురైదుగురు ఫోనులో కలుసుకొని పది నిమిషాలు ప్రార్థిస్తారు. ఒకామె ఒక మాట చదువుతుంది, మిగిలినవాళ్లు ఆమేన్ అంటారు. అంతే. ఆ పది నిమిషాల కోసం వాళ్లు రోజంతా ఎదురుచూడటం నేను కళ్లారా చూశాను.

నువ్వు కూడా ఒంటరిగా మోయకు. మీ ఆసుపత్రిలోనే రాత్రి డ్యూటీ చేసే విశ్వాసి ఎవరో ఒకరు ఉంటారు, వెతుకు.

పిల్లలగది (కాకినాడ)

నేను నర్సును కాను, కాని చంటిబిడ్డ తల్లికి కూడా రోజూ రాత్రి డ్యూటీయే. ఈ చర్చ నాకోసమే రాసినట్టుంది. మాకు పెద్దవాడికి ఆరేళ్లు. సండే స్కూల్లో ఇచ్చిన బంగారు వచనాన్ని వారమంతా వాడికి స్నానం చేయిస్తూ చెప్పిస్తాను. ఇంట కూర్చున్నప్పుడూ, దారిలో నడిచేటప్పుడూ, పడుకొనేటప్పుడూ, లేచేటప్పుడూ పిల్లలకు చెప్పమని ద్వితీయోపదేశకాండం 6లో ఉంది. విడిగా గంట కూర్చోమని అక్కడ లేదు.

వాడి వల్ల నాకూ వచనాలు వచ్చేశాయి.

వార్డుదీపం

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. పాస్టరు గారు చెప్పినట్టు స్నానానికీ అన్నానికీ మధ్య వేళ పెట్టుకున్నాను. వార్డులో 134వ కీర్తన. గదిలో ఉన్న అమ్మాయిలకు విషయం చెప్పాను, ఆ కాసేపు ఫోను శబ్దం తగ్గిస్తామని వాళ్లే అన్నారు. అందులో ఒకమ్మాయి రోజూ దీపం పెట్టుకుంటుంది, ఆమెకు ప్రార్థన వేళ విలువ చెప్పనక్కరలేకపోయింది.

కాని అడగలేకపోయిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ మధ్య మా వార్డులో ఒక చిన్న పాప చనిపోయింది. ఆ తరువాత ప్రార్థనకు కూర్చుంటే ఏమీ అనిపించడం లేదు. పలుకుతున్నాను, లేస్తున్నాను. ఎవరూ వినడం లేదనిపిస్తోంది. ఇలాంటప్పుడు అలవాటు కొనసాగించడం నటనా?

మెదక్ మెట్లు (మెదక్)

బిడ్డా, ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా మా సంఘంలో స్త్రీల సమాజంలో ఉన్నాను. నా కొడుకును పోగొట్టుకున్నాను. కాబట్టి పుస్తకంలో చూసి చెప్పడం లేదు.

నటన కానే కాదు. 13వ కీర్తన తెరువు. ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు అని దేవుణ్ణే నిలదీస్తాడు దావీదు. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివరన ఆదరణ మాట ఒక్కటీ లేదు. అలాంటి కీర్తనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. అందులోని మనిషి ఏమీ అనిపించకపోయినా రాత్రీ పగలూ ఆయన దగ్గరకే వచ్చి మొరపెట్టాడు. ఏమీ అనిపించని రోజున కూడా ఎవరి దగ్గరకు పోవాలో నీ మోకాళ్లకు తెలిసి ఉండటమే ఇన్నేళ్ల అలవాటు నీకిచ్చిన బలం.

నా కొడుకు పోయినప్పుడు చాలాకాలం నాకు ప్రార్థన రాలేదు. ఆదివారం గుడికి వెళ్లి కూర్చునేదాన్ని, అంతే. అందరూ విశ్వాస ప్రమాణం చెబుతుంటే వినేదాన్ని. నేను నమ్మలేని రోజుల్లో నా వంతు కూడా వాళ్లే నమ్మారు. సంఘం అందుకే. కువైట్ తమ్ముడు చెప్పింది నిజం, ఒంటరిగా మోయవద్దు.

ఆ పాప పేరు పెట్టి ప్రార్థించు. ఆమె తల్లి కోసం రోజూ ఒక్క మాట అడుగు. నీకు అంతకంటే ఏమీ చేతకాకపోతే అదొక్కటే చెయ్యి. కోపం వస్తే కోపమే చెప్పు.

బెరయవాసి

అమ్మగారి మాట తరువాత నేను చేర్చగలిగింది చాలా చిన్నది. బైబిలు యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చదివామో చూపించే లెక్క ఉంటుంది కదా, ఇలాంటి కాలంలో దాన్ని చూడకుండా ఉండటం మేలు. ఒక రోజు తప్పి ఆ అంకె సున్నా అయితే మళ్లీ మొదలుపెట్టబుద్ధి కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి దేవుని దగ్గర అలా మళ్లీ మొదటికి రావడం ఉండదు.

జనవరిలో ఆదికాండంతో మొదలుపెట్టేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. బైబిల్లో 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతాయి. జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోయారని పుస్తకం మూయనక్కరలేదు, సువార్తకు వెళ్లండి. లేవీయకాండాన్ని హెబ్రీ పత్రికతో కలిపి తరువాత చదివితే ఆ బలులన్నీ ఎందుకో తెలుస్తుంది.

వార్డుదీపం

మెదక్ అమ్మా, మీకు ఏమి రాయాలో తెలియడం లేదు. ఆ పాప తల్లి కోసం ఈ రోజు ప్రార్థించాను. చాలు అనిపించింది.

పిల్లలగది

వార్డుదీపం, నీ దుఃఖం మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. నర్సువి కాబట్టి నీకే తెలుస్తుంది. మా అమ్మ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తుంది. ఇప్పుడు శ్రమల దినాలని 40 రోజులూ ఒంటిపూట భోజనం అంటోంది. ఆమెకు షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. చెబితే విశ్వాసం లేదా అని నన్నే కోప్పడుతోంది.

వార్డుదీపం

అక్కా, అడిగినందుకు సంతోషం. ఇన్సులిన్ తీసుకుంటూ భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని షుగరు మాత్రలతోనూ అదే ప్రమాదం. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయాలి. 70 కంటే తక్కువ ఉంటే ఉపవాసం అక్కడితో ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరును అడగకుండా ఆమె సొంతంగా ఇన్సులిన్ తగ్గించడం, మానడం రెండూ వద్దు. ఈ విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను, ఇలాంటివాళ్లను రాత్రి వార్డుకు తెచ్చినప్పుడు చూసేది మేమే.

పొలంగట్టు

మీ అమ్మగారికి ఒక పాస్టరు చెప్పాడని చెప్పండి: రోగి మందుకు విరోధంగా ఉపవాసం ఉండాలని లేఖనంలో ఎక్కడా లేదు. యెషయా 58 చదివి వినిపించండి. దేవుడు కోరుకున్న ఉపవాసం ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడం అని అక్కడ స్పష్టంగా ఉంది. ఆమె వేళకు తిని, శుక్రవారం కూటంలో కూర్చొని అందరితో ప్రార్థించవచ్చు. మాంసం, మిఠాయి, టీవీ, ఏది మానినా మానవచ్చు. మందూ అన్నమూ మానకూడదు.

మెదక్ మెట్లు

పెద్దామెకు ఏదో ఒకటి చేయాలని ఉంటుంది, వద్దంటే మనసు కష్టపడుతుంది. పిడికెడు బియ్యం మొదలుపెట్టించండి. రోజూ వంటకు బియ్యం తీసినప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తూ ఒకరి పేరు తలచి ప్రార్థించడం. మా అమ్మమ్మ కాలంలో ఇంటింటా ఉండేది. ఆదివారం ఆ బియ్యం గుడికి తెచ్చేవారు, సంఘంలో లేనివాళ్లకు వెళ్లేది. మిజోరంలో సంఘాలు 1910 నుంచి ఈ అలవాటును విడవకుండా నడుపుతున్నాయి, సువార్త పనికి వాళ్లకు పెద్ద ఆధారం ఆ పిడికెడు బియ్యమే. రోజూ అన్నం వండేవాళ్లెవరూ మరిచిపోలేని ప్రార్థన ఇది.

పిల్లలగది

అమ్మకు ఇది నచ్చింది! డబ్బా కడిగి ఆరబెట్టింది కూడా. ఉపవాసం సంగతి డాక్టరును అడిగాకే అని ఒప్పుకుంది. మా సంఘంలో బియ్యం తెచ్చే పద్ధతి లేదు, నెల నిండాక ఎవరికి ఇవ్వాలి?

తూర్పుగాలి

పాస్టరు గారిని అడగమ్మా, సంఘంలో విధవరాళ్లు, ఒంటరి ముసలివాళ్లు ఎవరో ఆయనకు తెలుస్తుంది. ఆయన చేతికి ఇచ్చేయకుండా మీ అమ్మగారినీ మనవణ్ణీ ఆ ఇంటికి పంపించు. పిల్లవాడు సంచి పట్టుకుంటాడు. అక్కడ కాసేపు కూర్చొని, వాడికి వచ్చిన బంగారు వచనం ఆ ఇంట్లోవాళ్లకు చెప్పించండి.